గౌస్ పడిన మెట్లు

కువైట్‌లోని సాల్మియాలో సముద్రం వైపున్న ఆ ఖాళీ మేడ దగ్గరికి చీకటి పడ్డాక మనవాళ్లు చచ్చినా పోరు. లోపల మెట్ల మీంచి ఎవరో దొర్లుతారట... కింద ఇంకెవరో నవ్వుతారట!

ఆ నవ్వు మొదట నవ్వినవాడు నాగేశ్వర.

ఆ ఇంట్లో అతను డ్రైవరు, ఓబులేసు వంటమనిషి. ఇద్దరిదీ కడప. వాళ్ల కఫీల్‌కి, అంటే పాసుపోర్టులు తన దగ్గరుంచుకుని పనిచ్చిన యజమానికి, పాత మూగ సినిమాల పిచ్చి. రీళ్లు తిప్పి గోడ మీద చూపించేవాడు. వాటిలోని హాస్యగాడు మహమ్మద్ గౌస్ కూడా కడపవాడేనట. బొంబాయి పోయి, మెట్ల మీంచి పల్టీలు కొడుతూ పడి, పడ్డాక ఒక చెయ్యి పైకెత్తి, జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. మాటల సినిమాలొచ్చాక అతని నత్తి బయటపడింది. తరిమేశారు. ఆకలికి తాళలేక సెట్టులో కూలికి చేరి, ఓ రోజు మెట్ల మీంచి నిజంగానే పడ్డాడు. చెయ్యెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు... అవి ఆగేలోపు ప్రాణం పోయింది. పాపిష్టి లోకం!

ఆ పల్టీ నేర్చుకుని ఓబులేసు కఫీల్ పిల్లల్ని నవ్వించేవాడు.

ఇరాక్ సైన్యం దిగిన రాత్రే కఫీల్ కుటుంబంతో పారిపోయాడు. సైనికులు ఇల్లు దోచుకుని వీళ్లిద్దర్నీ బయటికి గెంటేశారు. పాసుపోర్టులు మేడ మీద బీరువాలోనే ఉండిపోయాయి. అవి లేకుండా సరిహద్దు దాటలేరు. కొన్ని వారాలకు జోర్డాన్ వైపు బస్సు కుదిరింది, తెల్లారితే ప్రయాణం. అందుకే ఆ రాత్రి ఇద్దరూ దొంగల్లా లోపలికి దూరారు. బయట తుపాకుల గస్తీ.

"బీరువా యాడుందో నాకు తెల్సు. నువ్వు ఈడనే ఉండన్నా..." ఓబులేసు గుసగుసగా చెప్పి చీకట్లో పైకెక్కాడు.

కాసేపటికి... కరెంటు లేని ఆ ఇంట్లో రీలు మిషను టకటకమంది. గోడ తెల్లగా వెలిగింది.

నాగేశ్వర మెట్ల మొదటికి వచ్చి పైకి చూశాడు. "ఓబులేసూ... దిగు..."

పై మెట్టు నుంచి ఓబులేసు పల్టీలు కొడుతూ వచ్చి పడ్డాడు — అచ్చం గౌస్ పడినట్టే! ఒక చేతిలో పాసుపోర్టులు. రెండో చెయ్యి పైకెత్తాడు.

హమ్మయ్య, ఇదంతా వీడి వేషాలా! నాగేశ్వర నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"సాల్లే, లెయ్‌రా... మిలటరీవోళ్లొస్తారు."

చెయ్యి వాలిపోయింది. తడిమి చూస్తే మెడ పక్కకు విరిగిపోయి ఉంది. ఊపిరి లేదు.

"అయ్యో... పట్టుకోమని చెయ్యి సాపితే నవ్వితినే నేను!"

ఏడుస్తూనే ఆ వేళ్లలోంచి తన పాసుపోర్టు లాక్కున్నాడు. ఏం చేస్తాడు, బతకాలిగా. గుమ్మం దాటబోతూ వెనక్కి చూశాడు... ఆ వెలుగులో ఓబులేసు పెదాలు కదులుతున్నాయి.

ఓబులేసుకు ఏనాడూ నత్తి లేదు.

"ఇం... ఇంకోసారి... ప... పడేదా అన్నా?"