అమ్మమ్మ వేసిన అడుగు

"ఆ కాలు తుడిచెయ్యండి. ఇప్పుడే!"

నిచ్చెన మీదున్న పెయింటర్ ఉలిక్కిపడ్డాడు. కింద జిమ్నాస్టిక్స్ హాల్లో ఒకమ్మాయి నడుమున చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ గోడ మీద అతను వేస్తున్నది, ఒకప్పుడు జిమ్నాస్టిక్స్ పోటీల్లో గెలిచిన ఆమె అమ్మమ్మ బొమ్మ. చూపులు మాత్రం మొదటిరోజు నుంచీ మనవరాలి మీదే. ఆ సంగతి అక్కడ నేర్చుకునే పిల్లలందరికీ తెలుసు, ఆమెకి తప్ప.

"ఏమైందండీ? బాగానే వచ్చిందిగా!"

"ఏం బాగు? మా అమ్మమ్మ గాల్లో పల్టీలు కొట్టి దిగితే రెండు పాదాలూ నేలకి అతుక్కుపోయాయి. ఇన్నేళ్లయినా ఊరంతా చెప్పుకునేది అదే. మీరేమో కాలు ముందుకు తూలినట్టు వేశారు!"

నిజమే మరి. అమ్మమ్మ బస్సెక్కితే జనం ఇప్పటికీ లేచి సీటిస్తారు. "దిగేటప్పుడు జాగ్రత్త అని మీకు చెప్పక్కర్లేదు లెండి" అంటాడు కండక్టరు. ఆ పేరు మొయ్యలేకే మనవరాలు పోటీలకు వెళ్లడం మానేసి, చిన్నపిల్లలకు నేర్పడంతో సరిపెట్టుకుంది. ఈసారి పోటీలకు పేర్లివ్వడానికి ఆ సాయంత్రమే గడువు.

"మీరు పేరిచ్చారా?" అన్నాడు పెయింటర్, మాట మార్చడానికి.

"ఒక్క అడుగు తడబడితే చాలు, 'ఈ పిల్ల ఆవిడ మనవరాలేనా' అంటారు. నాకెందుకొచ్చిన గొడవ! ముందు ఆ కాలు సంగతి చూడండి."

అంతలో అమ్మమ్మే వచ్చింది. కళ్లజోడు సర్దుకుని గోడకేసి చూసింది. చూసి చూసి పకపకా నవ్వింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఎలా పట్టేశావు అబ్బాయ్?"

"అమ్మమ్మా!"

"అవునే. దిగాక ఓ అడుగు ముందుకు పడింది. జడ్జీలు మార్కులు కోశారు కూడా. అయినా మిగతావాళ్లకంటే ఎక్కువొచ్చి గెలిచాను. మర్నాటి నుంచి జనమే ఆ అడుగు మింగేశారు. కాదు బాబూ అని చెప్తే, 'ఎంత వినయమో' అన్నారు. ఇంక నోరు మూసుకున్నా."

మనవరాలికి కోపమూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "నాకైనా చెప్పొచ్చు కదా!"

"నువ్వడిగితేగా? నువ్వూ వాళ్లతో కలిసి చప్పట్లే కొట్టావు." అమ్మమ్మ పెయింటర్ వైపు తిరిగింది. "పాత ఫిల్మ్ ఎక్కడైనా చూశావా?"

అవునంటే సరిపోయేది. మనవరాలు తొలిసారి అతన్ని మెచ్చుకోలుగా చూస్తోంది. పెయింటర్ నిచ్చెన దిగాడు.

"లేదు అమ్మమ్మగారూ. అక్కడ స్విచ్‌బోర్డు అడ్డొచ్చింది. కాలు దాని మీద పడకుండా ముందుకు జరిపాను."

హాలు హాలంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువగా నవ్వింది మనవరాలే.

"నిజం చెప్పారు కాబట్టి బతికిపోయారు" అంది.

"ఇంకో నిజం కూడా ఉంది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఈ బొమ్మ ఎప్పుడో అయిపోయేది. మిమ్మల్ని చూడొచ్చని సాగదీస్తున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

పిల్లలు ఈలలు వేశారు. మనవరాలు గడియారం వైపు చూసింది.

"మీకు బండుందా?"

"ఉందండీ!"

"అయితే పదండి. పోటీల ఆఫీసు మూసేలోపు నా పేరివ్వాలి. మీకు జవాబు దారిలో చెప్తా."

"త్వరగా చెప్పవే, కుర్రాడు మంచివాడు" అంది అమ్మమ్మ వెనకనుంచి.

బండి మలుపు తిరిగాక మనవరాలు అతని భుజం దగ్గరగా వంగింది.

"పోటీలో నేను తూలితే నవ్వరుగా?"

"నవ్వను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాను."

"అయితే నాకూ మీరంటే ఇష్టమే."

బండి అటూ ఇటూ ఊగిపోయింది.

"చూసి నడపండి మహానుభావా! ముందు నన్ను ఆ పోటీల దాకా బతకనివ్వండి!"