పంకజాక్షి చెయ్యి

రేడియోలో పొద్దుటి వార్తలు మొదలయ్యాయి. ఉయ్యాల్లో బిడ్డ ఏడుపూ మొదలైంది. ఉయ్యాల పక్కనే కూర్చున్న పంకజాక్షి చేతులు ఒళ్లో ముడుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"మే, ఎత్తుకోరాదా? నా చేతికి పిండి ఉండాది," అంది వంటింట్లోంచి అత్త జ్ఞానాంబ.

"నాకొద్దు అత్తా."

జ్ఞానాంబే చేతులు తుడుచుకుని వచ్చింది. వీడు పుట్టినప్పటి నుంచీ ఇదే వరస. మొదటి బిడ్డ జ్వరంతో పోయాక, తన చెయ్యి తగిలినదేదీ నిలవదని పంకజాక్షి మనసులో పడిపోయింది. వీడు పుట్టాక అది ముదిరింది. తిండి లేదు, నిద్ర లేదు. పాలిచ్చేటప్పుడు కూడా అత్తే బిడ్డను పట్టుకోవాలి.

తాయెత్తు కట్టించారు. దాని దారం నల్లబడింది తప్ప ఏమీ కాలేదు. చివరికి బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే భర్త రామచంద్ర, సెలవు పెట్టి వేలూరు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ మాత్రలిచ్చింది, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడింది.

"మనసు చెప్పేదంతా నిజం కాదమ్మా. పరీక్ష పెట్టి చూద్దాం. నీ చెయ్యి తగిలితే ఏం చెడిపోతుంది?"

"ఊరగాయ," అంది పంకజాక్షి.

అయితే రెండు జాడీలు పెట్టమంది డాక్టరమ్మ. అవే కాయలు, అదే కారం, అదే ఉప్పు. ఒకటి అత్త కలపాలి, ఒకటి కోడలు. "చెడినా భయపడొద్దు. ఇంకేదైనా కారణం ఉందేమో వెతుకు," అని కూడా చెప్పింది.

"ఊరగాయ పెట్టేదానికి వేలూరు పోవల్నా?" అని జ్ఞానాంబ మూతి తిప్పింది. వీధిలో ఎవరు ఊరగాయ పెట్టినా కలపడానికి ఆమెనే పిలుస్తారు. ఆమె చెయ్యి అంత మంచిదని పేరు.

ఈ రోజు పంకజాక్షి తన జాడీ మూత తీసింది. పైనంతా తెల్లగా బూజు.

ఆమె ఏడవలేదు. లోపలికెళ్లి సంచిలో చీరలు పెట్టుకుంది.

"యాడికి?" అన్నాడు రామచంద్ర.

"మా అమ్మోళ్లింటికి. బిడ్డను నువ్వే సాక్కో అత్తా. నా కాడ ఉంటే వీడూ నిలవడు."

రామచంద్ర తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీ జాడీ యాడ?"

"అటక మీద. బాగానే ఉండాది."

"దించు, చూస్తాము."

"కన్నతల్లి మాట నమ్మవా?"

"ఆ యమ్మి ఇల్లు వదిలి పోతాండాది. దించు."

జ్ఞానాంబ కదల్లేదు. బిడ్డ ఆమె భుజం మీద జుట్టు పీకుతున్నాడు. కాసేపటికి వాణ్ణి కొడుక్కిచ్చి, పీట వేసుకుని, జాడీ దించి కోడలి ముందు పెట్టింది. మూత తనే తీసింది.

అందులోనూ బూజే.

"మొన్ననే చూసినా. నా చెయ్యి మంచిదనే పేరు పోతాదని దాచిపెట్టినా," అంది జ్ఞానాంబ. "పెద్దోడు పోయిన దినం, నీ చెయ్యి మంచిది కాదని అనేసింది నేనే. ఏడుపులో అనేసినా. నువ్వు దాన్ని పట్టుకోని ఇంత దూరం వస్తావనుకోలేదు తల్లీ."

పంకజాక్షి రెండు జాడీలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి ఉప్పు కుండలో చెయ్యి పెట్టింది. ఉప్పు ముద్దగా వేళ్లకు అంటుకుంది.

"అత్తా, ఈసారి ఉప్పు ఎండబెట్టినామా?"

"యాడ? ఆ దినాల్లో వాన పట్టుకున్నింది గదా."

"అయితే చెమ్మ." ఆమె తన వేళ్లవైపు చూసుకుంది. "నా చెయ్యి కాదు."

"నీదీ కాదు, నాదీ కాదు."

అప్పుడు ఏడ్చింది పంకజాక్షి. రోగం ఆ పూటతో పోలేదు. మాత్రలున్నాయి, వేలూరు బస్సూ ఉంది. కానీ ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, భర్త దగ్గర్నుంచి బిడ్డను అందుకుంది. కింద ఎవరైనా పట్టుకుంటే బాగుండునన్నట్టు చూస్తే, జ్ఞానాంబ తన చేతులు కూడా ఆనించింది.

"ఊరగాయ మళ్లా పెట్టాల. ఈసారి ఉప్పు ఎండబెట్టి," అంది జ్ఞానాంబ కళ్లు తుడుచుకోకుండానే.

"ఎవురి చెయ్యి?" అన్నాడు రామచంద్ర.

"నీదే నాయనా. మా చేతులు ఖాళీ లేవు."