నూలు గోదాము గోడ మీది చెయ్యి

గద్వాల సాలెవాడల పాత నూలు గోదాము సందు ఉంది. పొద్దూకినంక ఆ సందుల అడుగు పెట్టేటోడు లేడు. ఎందుకంటే... అక్కడ గోడ మీద ఒక చెయ్యి పిలుస్తది.

చెయ్యి ఒక్కటే గాదు. తలకు రుమాలు చుట్టుకొని కూసున్న మనిషి నీడ. అది కుడిచెయ్యి ఇసురుతది — రా, అన్నట్టు. ఇసిరి, అరచెయ్యి చాపి ఆగుతది — ఇయ్యి, అన్నట్టు.

ఏమియ్యాలె? పాణమే అన్నరు జనం.

ముందుగాల గోడ సంగతి చెప్పాలె. సుప్రియ అని వనపర్తి పిల్ల. హైదరాబాదుల బొమ్మల చదువు చదివింది. ఆషాఢంల వచ్చి ఆ గోడకు తెల్లసున్నం ఏయించింది. ఎదురుంగ ఉన్న అరుగు మీద, చూరు కింద, ఒక వెలుగు డబ్బా, ఒక చిన్న కెమెరా బిగిచ్చింది. గోడ ముంగట మనిషి నిలవడితే ఆ మనిషి నీడ గోడ మీద చుక్కల చుక్కల లేస్తది. మనిషి పోయినా గోడ మర్వదు. తర్వాత ఎవరన్న వస్తే, వాళ్ల నీడ పక్కన ముందటి మనిషి నీడను తెచ్చి నిలవెడ్తది. కాళ్ల కింద జనం ఫోన్లల్ల పంపిన మాటలు చీమల బారు లెక్క పాకుతుంటయ్.

"ఫోన్ల నచ్చనోళ్లను బ్లాక్ చేస్తం. పక్కింటి మనిషి సచ్చింది గూడ స్టేటస్ చూసి తెల్సుకుంటం. ఈ గోడ మాత్రం ఎవర్నీ బ్లాక్ చెయ్యది" అని సుప్రియ వాడోళ్లకు చెప్పింది.

విన్నోళ్లు తక్కువ. నీడలతోని డాన్సులు ఆడి రీల్సు తీసినోళ్లే ఎక్కువ. వారం దినాలు జాతర. ఆ వారం గోడను కండ్లతోని చూసినోడు ఒక్కడు లేడు, అందరు ఫోన్లకెళ్లే చూసిన్రు. ఆ తర్వాత మనసు తీరి మానిన్రు.

శ్రావణం అయిపోతుండంగ చెయ్యి మొదలైంది. ఎవరో గోడ ముంగట కెళ్లి పోతుండంగ ఆటో ఉదయ్ కిరణ్ దూరం కెళ్లి అర నిమిషం వీడియో తీసి గ్రూపుల ఏసిండు. గోపాల్‌పేట పోయింది, బిజినేపల్లి పోయింది. పెబ్బేరు అంగడికి ఎడ్లు కొననీకె పోయినోళ్లను "మీ గద్వాల దయ్యం బాగుందా?" అని అడిగిన్రట. ఎంతమంది చూసిన్రో లెక్క లేదు. దగ్గరికి పోయి చూసినోడు లేడు.

చీరలు నేసే కురుమూర్తి ఆ వీడియో గూడ చూడలే. ఎవరన్న ఫోన్ ముంగట పెడితే మొకం తిప్పుకున్నడు. దయ్యానికి భయపడి గాదు. ఆ సందు పేరంటేనే గిట్టది. పన్నెండేండ్ల సంది ఆ సందు తొక్కలే.

ఆ సందు చివర్న బాలకిష్టయ్య ఇల్లు.

గద్వాల కుట్టు చీర ఒక్కని చేత గాదు. నూలు చీరకు పట్టు అంచు పోగు పోగున ముడేయాలె. మగ్గం గుంటల ఒకడు కూసుంటడు, ఎడమ పక్క అంచు కాడ ఇంకొకడు. గుంటల మనిషి పేక పోగు మోసే నాడె ఇసురుతడు, పక్క మనిషి అందుకొని, అంచు పోగు కలిపి, మళ్ల ఇస్తడు. నాడె అటు... ఇటు. జోడు చేతులు ఒక్క మనిషి చేతుల్లెక్క నడువాలె. బాలకిష్టయ్య గుంటల, కురుమూర్తి పక్కన — ఇరవై ఆరేండ్లు గట్లనే నేసిన్రు.

కురుమూర్తికి ఒక్కటే ఐబు. మూడో నాడెకు చెయ్యి జర ఆలస్యం. ఆలస్యమైనప్పుడల్ల బాలకిష్టయ్య ఏమనకపోయేటోడు. వేలు మడిచి మగ్గం కట్టె మీద రెండు దెబ్బలు — టక్... టక్. అంతే.

ఒక పెండ్లి చీర అంచు జానెడు మేర వంకర పోయి వాపస్ వచ్చింది. పది మంది ముంగట కురుమూర్తి, "ఈయనకు కండ్లు మసకలు వచ్చినయ్, గుంటలకెళ్లి లేపున్రి" అన్నడు. బాలకిష్టయ్య మెల్లగ, "తమ్మీ, నీ చెయ్యి ఆలస్యమైంది" అన్నడు. గంతే. కురుమూర్తి లేచి వచ్చిండు. ఆ తర్వాత ఎందరో జోడుకు వచ్చిన్రు, కురుమూర్తికి ఎవని చెయ్యీ నచ్చలే. ఒక్కడే నేసే చీరలే నేసుకుంట ఉన్నడు. కుట్టు అంచు ముట్టలే.

శ్రావణంల బాలకిష్టయ్య సచ్చిపోయిండు. పాడె కురుమూర్తి వాకిలి ముంగటికెళ్లే పోయింది. కురుమూర్తి తలుపు తియ్యలే.

భాద్రపదం వచ్చింది. వినాయక చవితికి ముందుదినం పొద్దున్నే బాలకిష్టయ్య పెండ్లాం రామేశ్వరమ్మ వచ్చి వాకిట్ల నిలవడ్డది. ఇంట్లకు రాలే.

"మరిదీ, మగ్గం మీద సగం చీర ఉంది. జోడు లేకుంట ఎట్లనో రెండు పక్కల ఆయనే కూసోని నేసింది. రేపు పొద్దుగల నూలు ఇచ్చిన షావుకారి మనుషులు పడుగు పోగులు కోసి తీస్కపోనీకె వస్తుండ్రు."

"కొయ్యనియ్యి."

"సచ్చినోని పడుగు కొయ్యొద్దు అనే మాట నీకు నేను చెప్పాల్నా? జోడు మనిషే కూసోని ముగించాలె. గుంటల నేను కూసుంట. పక్కన నువ్వు రా."

"ఇంకెవర్నన్న తెచ్చుకో."

"తెచ్చిన. వాడల నేసే నాగేశ్ వచ్చి చూసి పోయిండు. ఆయన అంచు పక్కన తన అంచు పెడితే ఐబు కనవడ్తదన్నడు. నీ చెయ్యి అయితేనే కలుస్తది."

"ఆలస్యం చేసే చెయ్యి గదా వదినే, ఎందుకు?"

"పన్నెండేండ్లు దాచుకున్నవా ఆ మాట? నీ పెట్టెల చీరలు పాడైతయి గని మాటలు పాడు గావు" అని రామేశ్వరమ్మ కొంగు దులుపుకొని పోయింది.

కురుమూర్తి నేసిన చీర సంకల పెట్టుకొని వనపర్తి బస్సెక్కిండు. తిరిగొచ్చే సరికి రాత్రి పదయింది. బజార్ల వినాయకుని లారీ కరెంటు తీగలకు తట్టుకొని అడ్డం పడి ఉంది. ఇటు రాస్తా బందు, అటు రాస్తా బందు.

మిగిలింది గోదాము సందు.

"దయ్యముంది తాతా, లారీ తీసేదాంక ఉండు" అన్నడు ఉదయ్ కిరణ్, ఆటోల కాళ్లు చాపుకొని.

"దయ్యానికి ఫోన్ పట్టేటోడే భయపడ్తడు. నా కాడ ఫోన్ లేదు" అని కురుమూర్తి సందులకు తిరిగిండు.

చీకటి. డప్పులు ఎనకకు పోయినయ్. తన చెప్పుల చప్పుడే తనకు ఇనవడుతుంది. తల దించుకొని నడిచిండు... గోడ తెల్లగ వెలిగింది.

ముందు తన నీడ లేచింది. పొట్టి మనిషి, వంగిన వీపు.

తర్వాత... దాని పక్కన ఇంకొకటి.

రుమాలు. కూసున్న మనిషి. కుడిచెయ్యి లేచింది — ఇసిరింది. అరచెయ్యి చాపి... ఆగింది.

కురుమూర్తి ఉన్నకాడనే నిలవడ్డడు. గోడ కింద అక్షరాలు పాకుతున్నయ్, అవి ఆయనకు రావు. సంతకం దాటి చదువు లేదు. ఆయనకు చదువనీకె వచ్చింది చేతులే.

చెయ్యి మళ్ల ఇసిరింది. మణికట్టు కాడ చిన్న మెలిక. చూపుడువేలు చివర్న జర లేపి...

ఆ మెలిక ఈ భూమి మీద ఒక్కనికే ఉండె.

'పిలుస్తలేదు' అనుకున్నడు. 'ఇది పిలుస్తలేదు. నాడె ఇసురుతుండు.'

అరచెయ్యి చాపి ఉన్నది పాణం అడగనీకె గాదు. నాడె వాపస్ రావాలె గదా... దానికోసం.

ఉరకాలె అనుకున్నడు. ఉరకలే. ఎట్ల పోయిండో అరుగు కాడికి పోయిండు. ఎప్పటి లెక్కనే ఎడమ పక్కన కూసున్నడు. గోడ మీద ఆయన నీడ గూడ రెండో నీడకు ఎడమ పక్కన కూసున్నది.

నాడె వచ్చింది. ఒట్టి చెయ్యే, ఒట్టి గాలే. కురుమూర్తి చెయ్యి దానంతట అదే లేచి అందుకున్నది. పోగు కలిపింది. ఇచ్చింది.

రెండోది వచ్చింది. అందుకున్నడు. ఇచ్చిండు.

మూడోది —

చెయ్యి ఆలస్యమైంది.

గోడ మీద నీడ వేలు మడిచింది. గాలిల రెండు దెబ్బలు. చప్పుడు లేదు. కురుమూర్తికి మాత్రం ఇనవడ్డది... టక్... టక్.

"అన్నా" అన్నడు. పన్నెండేండ్లకు.

ఎవరు పలుకుతరు? చెయ్యి మళ్ల ఇసిరింది. ఒకటి, రెండు, మూడు — ఆలస్యం. రెండు దెబ్బలు. మళ్ల. ఆలస్యం. మళ్ల దెబ్బలు. చెమటలు పట్టినయ్. భయం పోయి రోషం వచ్చింది. పండ్లు బిగవట్టి నాలుగోసారి కూసున్నడు. ఒకటి... రెండు... మూడో నాడె చేతిల పడ్డది. సరిగ్గ. జానెడు గాదు, పోగంత గూడ తప్పలే.

నీడ చెయ్యి చాపి, తీసుకొని, ఊకున్నది.

కురుమూర్తి తెల్లందాంక నిద్రపోలే. కోడి కూయంగనే రామేశ్వరమ్మ తలుపు కొట్టిండు. "వదినే, పడుగు కొయ్యనియ్యకు" అని, మగ్గం పక్కన తన జాగల కూసున్నడు. షావుకారి మనుషులు వచ్చి, గుంటల రామేశ్వరమ్మను, పక్కన కురుమూర్తిని చూసి, కత్తి మాట ఎత్తకుంటనే పోయిన్రు.

మూరెడు నేసినంక సుప్రియ వచ్చింది. గోడ పని గడువు అయిపోయిందట, డబ్బా ఇప్పుకొని పోతుందట. సంకల కంప్యూటరు. గడప కాడ కూసున్నది.

"అమ్మమ్మా, ఒకటి చెప్పాలె. తిట్టొద్దు. ఊరంత దయ్యమంటున్న నీడ... మన బాలకిష్టయ్య తాతది."

రామేశ్వరమ్మ నాడె ఆపలే. "తెల్సు. ఇరవై దినాలు రోజూ బువ్వ తిని ఆ అరుగు కాడికి పోయేటోడు. ఏం పని అంటే చెప్పకపోయేటోడు."

"నన్ను ఒకరోజు అడిగిండు. నా తర్వాత ఎవరొచ్చినా వాళ్లకు నేను కనవడ్తనా? అని. కనవడ్తవ్ తాతా అన్న. నాతోని మాట్లాడనోడు వచ్చినా? అన్నడు. వచ్చినా అన్న. ఫోన్ లేనోడు? అన్నడు. అందరికీ అన్న." సుప్రియ గొంతు తగ్గింది. "ఆ గోడ ముంగట ఎవరు ఎక్కువసేపు ఉంటే వాళ్లనే గోడ ఎక్కువ యాది పెట్టుకుంటది. అందరు నిమిషం ఉండి పోయిన్రు. ఆయన ఒక్కడే గంటలు గంటలు కూసున్నడు. అందుకే ఎవరొచ్చినా ఆయనే లేస్తుండు. దయ్యం గాదు, తీసి పెట్టిన బొమ్మ. అంతే."

కురుమూర్తి నిండ ఊపిరి తీసుకున్నడు. రాత్రంత గుండెల కూసున్న బరువు దిగింది. నవ్వు గూడ వచ్చింది. "తీసి పెట్టిన బొమ్మనా! నేను రాత్రి దానితోని నాడెలాడిన బిడ్డా."

సుప్రియ గూడ నవ్వింది. కంప్యూటరు తెరిచి చూపెట్టింది. "చూడు తాతా. మూడుసార్లు చెయ్యి ఇసురుతడు, తర్వాత గిట్ల వేలు మడిచి రెండుసార్లు కొడ్తడు. పక్కన ఎవరూ లేరు, అయినా కొడ్తడు. ఎందుకో నాకు తెల్వలే. ఇరవై దినాల బొమ్మ మొత్తం చూసిన. ఒక్క మూడోదానికి గూడ కొట్టకుంట ఇడవలే."

కురుమూర్తి చేతిల నాడె ఆగింది.

"ఒక్కదానికి గూడనా?"

"ఒక్కదానికి గూడ తాతా."

బయట ఎక్కడో వినాయకుని డప్పు.

"వదినే," కురుమూర్తి గొణిగిండు. "రాత్రి నాలుగోసారి... ఆయన కొట్టలే."

సుప్రియ కంప్యూటరు దిక్కు చూసింది, కురుమూర్తి దిక్కు చూసింది.

రామేశ్వరమ్మ గుంటల కెళ్లి తల గూడ ఎత్తలే. కుడిచెయ్యి చాపి నాడె కోసం ఎదురుచూసుకుంట అన్నది —

"నువ్వు ఆలస్యం చెయ్యకుంటే ఎందుకు కొడ్తడు మరిదీ?"