మానిటర్ బాగుచేసిన అబ్బాయి పేరు

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: బడికి సెలవు కాబట్టి మంచం మీద పేపరు పరుచుకున్న తోమా మాస్టారు, వరండాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న ఆయన భార్య రెబెకా, ఆమె పక్కన కూర్చుని తీసిన కాయలకంటే తుమ్మిన తుమ్ములే ఎక్కువైన ఆయన తల్లి కొండమ్మ, ముందుగదిలో నల్లబడ్డ మానిటర్ ఎదురుగా ఏడుపు మొహంతో కూతురు స్తుతి.

స్తుతికి డిగ్రీ అయిపోయి ఏడాదైంది. ఊళ్లో చర్చి తెర మీద కనిపించే పాటలన్నీ టైపు చేసేది ఆ పిల్లే. నలుగురిలో నోరు విప్పదు కాబట్టి కీబోర్డే ఆమె నోరని తండ్రి వేళాకోళం చేసేవాడు. ఇప్పుడా నోరు కూడా మూతబడింది. స్విచ్ వేస్తే బొమ్మ అలా మెరిసి ఆరిపోతోంది. కింద పచ్చలైటు మాత్రం మిణుకుమిణుకుమంటోంది.

నెల నుంచీ అదే వరస. మొదట్లో కొండమ్మ వైద్యం చేసింది. ప్రార్థన చేసిన నూనె వేలికి రాసుకుని, ఆ వేలు మానిటర్ నెత్తిన ఆనించి కళ్లు మూసుకునేది. స్తుతి స్విచ్ వేస్తూ తీస్తూ ఉండేది. చిత్రమేమిటంటే, ముసలావిడ ఆమెన్ అనేసరికి బొమ్మ నిలబడేది. రానురాను ప్రార్థన పొడవైంది. చివరికి ఎంత ప్రార్థించినా రావడం మానేసింది. అప్పుడు తోమా మాస్టారు వినుకొండలో ఒక కంప్యూటర్ షాపుకి ఫోన్ చేశాడు.

వచ్చిన కుర్రవాడి పేరు శ్యామ్ సుందర్. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భుజానికి సంచీ తగిలించుకుని వరండా మెట్టెక్కాడో లేదో మిరప ఘాటు తగిలి తుమ్ములు మొదలయ్యాయి. నమస్కారం పెట్టబోతే తుమ్ము, పేరు చెప్పబోతే తుమ్ము. స్తుతి ఎంత బిగబట్టినా ఆగక నవ్వేసింది. ఆ పిల్ల పైకి నవ్వడం ఇంట్లోవాళ్లకే అరుదు.

"నవ్వండి, నవ్వండి," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. "సోల్డరింగ్ చేసేటప్పుడు ఇదే తుమ్ము వస్తే ఏడ్చేది మీరే."

ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగాడు. నెల అంది స్తుతి. నెలపాటు ఊరుకున్నారా అంటే, ఊరుకోలేదు, ప్రార్థన చేశాం అని చురుగ్గా జవాబిచ్చింది. అతను నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. తలూపి ప్లగ్గు పీకేశాడు.

పాత ప్లాస్టిక్ కార్డు ముక్క అంచున దూర్చి వెనకమూత ఊడదీశాడు. లోపల కరెంటు సరఫరా చేసే బోర్డు చూపించాడు. సిగరెట్టు ముక్కంత డబ్బాలు కొన్ని వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని కెపాసిటర్లు అంటారన్నాడు. మంచివాటి తల చదునుగా ఉంది. కొన్నింటి తల పూరీలా పొంగింది. ఒకదాని అడుగున గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది.

పక్కనే ఉన్న లావుపాటి డబ్బా మీద స్తుతి వేలు పెట్టబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని ముట్టుకోకండి. ప్లగ్గు పీకినా కాసేపు కరెంటు లోపలే దాచుకుంటుంది. పైకి మాత్రం ఏమీ తెలీనట్టు ఉంటుంది. మీలాగే."

స్తుతికి చెవులు వేడెక్కాయి. తనలో ఏం కనిపించిందని అడగాలనుకుంది.

పాతవి పీకేముందు ప్రతిదానికీ ఫోన్‌లో ఫోటో తీయమన్నాడు. ఒంటి మీద తెల్లగీత ఉన్నవైపు మైనస్, కొత్తది పెట్టినా గీత అటే ఉండాలి. ఆమె ఫోటో తీసి, టార్చ్ వేసి పట్టుకుంది. అతను వేడి ఇనుప మొన ఆనించి సీసం కరిగించి, పాతవాటిని ఒక్కొక్కటే ఊడదీశాడు. కొత్తవి అదే విలువవి, ఓల్టేజి మాత్రం ఇంకాస్త తట్టుకునేవి తెచ్చాడు. మధ్యలో మళ్లీ తుమ్ము వచ్చింది. తేరుకుని చేతిలోది పెట్టబోయాడు.

"అలా కాదండీ. గీత కిటికీవైపు ఉండాలి."

తన గొంతు అంత గట్టిగా వస్తుందని స్తుతికే తెలీదు. వరండాలోంచి తల్లి తొంగిచూసింది. అతను ఫోటో చూసుకుని, తిరగేసి పెట్టాడు. "టప్పున పేలేది. నా పరువు నిలబెట్టారు. ఇంత గొంతు పెట్టుకుని మాట్లాడరేమండీ మీరు?"

స్విచ్ వేయగానే బొమ్మ వచ్చింది, నిలబడింది. కొండమ్మ పరుగున వచ్చి స్తోత్రం అంది. తన నూనె ఇన్నాళ్లకి పూర్తిగా పనిచేసిందంది. శ్యామ్ సుందర్ అవునండీ మామ్మగారూ అన్నాడు. ఆవిడ వెళ్లాక స్తుతికి మాత్రం మెల్లిగా చెప్పాడు: చెడిపోయిన కెపాసిటర్లు స్విచ్ వేసి తీయగా తీయగా వేడెక్కి కాసేపు పనిచేస్తాయని, పెద్దావిడ ప్రార్థన పూర్తయ్యేసరికి అవి వేడెక్కేవని. "ఆవిడతో అనకండి. పాపం, నమ్మకంతో చేశారు."

ఆ ఒక్క మాటకి స్తుతి మనసు అటు వంగిపోయింది. ఆమె మాత్రం టార్చ్ ఆర్పి, థాంక్సండీ అని ఊరుకుంది.

తర్వాత అతను సోల్డరింగ్ తీగ మరిచిపోయానని ఒకసారి వచ్చాడు. అది అతని సంచీలోనే ఉందని స్తుతి చూసింది, చెప్పలేదు. మానిటర్ ఎలా ఉందోనని ఇంకోసారి వచ్చాడు. ఈసారి ముక్కుకి రుమాలు కట్టుకుని మిరపకాయల దగ్గర కూర్చుని రెబెకాకి తొడిమలు తీసిపెట్టాడు. తండ్రి లేడని, తల్లి సువార్తమ్మ వినుకొండలో హాస్టల్లో వంట చేసి తనని చదివించిందని మాటల్లో చెప్పాడు. ఈ అబ్బాయి దొంగ కాదు, కానీ ఏదో దొంగిలించడానికే వస్తున్నాడు అని కొండమ్మ నవ్వింది. స్తుతి లోపలికి పారిపోయింది.

పారిపోయిన పిల్ల నీళ్లగ్లాసుతో తిరిగొచ్చింది. అందుకుంటూ అతను అడిగాడు.

"కోతపండగకి మీ ఇంటి సాక్ష్యం మీరే చెబుతున్నారట?"

కోతపండగనాడు ఆ చర్చిలో అందరూ తొలిపంట తెచ్చి పెడతారు. ఇంటికొకరు లేచి, ఆ ఏడాది దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా చెబుతారు. ఈసారి మానిటర్ సంగతి చెప్పమని తండ్రి పురమాయించాడని స్తుతి అంది.

"అయితే అందులో నా పేరు చెప్పండి. ఇంకేం వద్దు."

"మా ఊళ్లో ఆడపిల్లలు చర్చిలో లేచి పరాయి అబ్బాయి పేరు పలకరండీ. పలికితే ఏమనుకుంటారో తెలుసుగా?"

"తెలుసు. అందుకే అడుగుతున్నాను." అతని గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "ఆ రోజు మా అమ్మని తీసుకొస్తా. మీరు పేరు చెబితే, ఆరాధన అయ్యాక అమ్మ మీ నాన్నగారితో మాట్లాడుతుంది. చెప్పకపోతే ఇష్టం లేదనుకుని వచ్చినదారినే వెళ్లిపోతాం. ఎవరికీ తెలియదు. మీ మీద మాట రాదు."

స్తుతి గ్లాసు వెనక్కి తీసుకుంది. "చెప్తాను," అంది.

ఆ వారమంతా వాక్యం తయారుచేసుకుంది. అన్నం వడ్డిస్తూ, బట్టలు ఆరేస్తూ పెదవులు కదిపింది. వినుకొండ నుంచి వచ్చిన శ్యామ్ సుందర్ అనే ఆయన మా మానిటర్ బాగుచేశారు. ఎంత చిన్న వాక్యం.

ఆదివారం చర్చి నిండిపోయింది. బలిపీఠం ముందు మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు. ఆడవాళ్ల వైపు ముందువరసలో కొత్త నీలం చీర కట్టుకున్న ఒకావిడ కూర్చుంది. తన ఊరి ఆరాధన మానుకుని, పొద్దున్నే బండెక్కి, ఒళ్లో గుమ్మడికాయ పెట్టుకుని వచ్చింది. ముక్కు తీరు చూడగానే సువార్తమ్మ అని స్తుతికి తెలిసిపోయింది. మగవాళ్ల వెనకవరసలో అతను ఉన్నాడు.

తోమా మాస్టారి ఇంటివారి వంతు రాగానే, ఎవరూ పిలవకుండానే కొండమ్మ లేచింది. మనవరాలి కంప్యూటర్ చచ్చిపోతే తాను నూనె రాసి ప్రార్థించానని, ఏ మెకానిక్కూ చెయ్యలేనిది దేవుడు చేశాడని వణికే గొంతుతో చెప్పింది. చర్చి అంతా స్తోత్రం అంది. పాస్టరు అయ్యగారు మురిసిపోయి మైకు స్తుతి చేతికిచ్చారు.

స్తుతి లేచి నిలబడింది. పేరు చెబితే నాయనమ్మ అబద్ధం చెప్పినట్టవుతుంది అనిపించింది. నిజానికి అది సాకు. నాయనమ్మ నొచ్చుకోకుండా కూడా ఆ పేరు చెప్పొచ్చు. అంతమంది తలలు తిప్పి చూస్తుంటే భయమేసింది, అంతే. నీలం చీరావిడ కొంగు సర్దుకుని కాస్త ముందుకి వంగింది, ఒక్క మాటా తప్పిపోకూడదన్నట్టు.

"మా మానిటర్ పాడైంది. అందరం ప్రార్థన చేశాం. ఎవరో ఒకబ్బాయి వచ్చి చూశాడు. బాగైంది. దేవునికి స్తోత్రం."

స్తోత్రం అన్నారందరూ. స్తుతి కూర్చుంది. కూర్చున్నాక ఆ వాక్యం మొత్తం, పేరుతో సహా, గడగడా గుర్తొచ్చింది.

సువార్తమ్మ లేచి గుమ్మడికాయ బలిపీఠం ముందు పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థించుకుని, అక్కడ పెట్టిన కానుకల్ని వేలం వేయడం మొదలవకముందే బయటికి నడిచింది. కాసేపటికి బయట అతని బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అదే రోజు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. స్తుతి మెసేజ్ టైపు చేసింది, చెరిపింది, మళ్లీ టైపు చేసింది. అతనే వస్తాడులే, మానిటర్ ఎలా ఉందో చూసే వంకతో వస్తాడులే అనుకుంది. మిరపకాయలు మార్కెట్‌కి వెళ్లిపోయాయి, వరండా ఖాళీ అయింది, అతను రాలేదు. పొద్దున్నే స్విచ్ వేసేటప్పుడు, ఈ మానిటర్ ఇంకోసారి పాడైతే ఎంత బాగుండునో అనిపించేది. బొమ్మ ఒక్కసారైనా ఆరిపోలేదు. అంత శ్రద్ధగా చేశాడు పని.

చివరికి ప్రింటర్ ఇంకు కొనాలని ఇంట్లో చెప్పి వినుకొండ బస్సెక్కింది. షాపులో అడిగితే ఇవాళ సెలవు పెట్టాడని, ఇల్లు హాస్టల్ వెనక సందులో అని చెప్పారు. దారంతా ఆ వాక్యం చదువుకుంటూనే నడిచింది.

గుమ్మం పక్కన అతని బండి ఉంది. తలుపు తట్టగానే సువార్తమ్మ తీసింది. చేతులకి పిండి అంటుకుని ఉంది. స్తుతిని పైనుంచి కిందికి చూసి, గుర్తుపట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"శ్యామ్ సుందర్ గారి కోసం వచ్చానండి," అంది స్తుతి. గొంతు తడబడలేదు. "ఆ రోజు చెప్పాల్సింది. భయపడ్డాను. నాకు ఇష్టమేనండి. మా నాన్నతో నేనే చెప్తాను."

సువార్తమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"తప్పు నీదని అననమ్మా. ఆడపిల్లవి, భయపడ్డావు. ఇంటికొచ్చాక వాడేమన్నాడో తెలుసా? పాపం ఆ అమ్మాయికి ఇష్టం లేదమ్మా, మనం ఇబ్బంది పెట్టాం అన్నాడు. చాన్నాళ్లు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడిప్పుడే తింటున్నాడు."

"ఒక్కసారి పిలవండి. నేనే చెప్తాను."

"ఇంట్లోనే ఉన్నాడు. పిలిస్తే వస్తాడు. నువ్వు రమ్మన్న చోటికల్లా వస్తాడు. రేపు మీ నాన్న ముందర నీకు మళ్లీ భయమేస్తే, మళ్లీ వాడే తలొంచుకుని ఇంటికొస్తాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "అందుకే పిలవనమ్మా. ఎండెక్కకముందే ఇంటికెళ్లు."

లోపల్నుంచి, ఎవరమ్మా అని అతని గొంతు వినిపించింది.

స్తుతి నోరు తెరిచింది. సువార్తమ్మ ఆమె కళ్లలోకి చూస్తూ, ఎవరూ లేరురా అని వెనక్కి జవాబిచ్చి, మెల్లిగా తలుపు వేసేసింది.