ఒంటిచక్రం ఎక్కిన పెద్ద మెదడు

"ఆగాగు చినాత్సూ! నువ్వు తొక్కే పద్ధతే తప్పు!" గోడవారగా కూర్చునే అరిచింది కోతోనె.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఐదో తరగతి పిల్లలు గ్రౌండ్‌లో ఒంటిచక్రం సైకిళ్ల మీద చక్కర్లు కొడుతున్నారు. రేపే స్కూల్ ఆటల పండుగ. నలుగురు చేతులు పట్టుకుని గాలిమరలా గుండ్రంగా తిరగాలి. కోతోనెకి నాలుగు గజాలు పోవడం కూడా రాదు. సాయంత్రానికి ఒక్క చుట్టయినా తిరగకపోతే పక్కన నిలబడి డప్పు కొట్టమన్నారు ముకాయి టీచర్. తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొస్తోంది. ఏడవడం నామోషీ కనుక పాఠం చెబుతోంది.

"మన తలలో పెద్ద మెదడు ఆలోచిస్తుంది. వెనకాల కింద ఉండే చిన్న మెదడు మనల్ని తూలిపోకుండా చూస్తుంది. పెద్దది చెబితే చిన్నది వినాలి కదా! ఏ కాలు ఎప్పుడు వేస్తున్నావో ఆలోచించి తొక్కు."

చినాత్సు ఒంటిచక్రం మీద ఆవలిస్తూ కూడా తిరగగలదు. కానీ కోతోనె క్లాసులో ఫస్టు. చెప్పింది నిజమే కాబోలు అనుకుంది పాపం.

"ఇప్పుడు కుడికాలు... ఇప్పుడు ఎడమ... నడుం ఎటే?" అంటూ ఊగి ఊగి ధబ్బున పడింది. ఆమె చేయి పట్టుకున్న పాపానికి వాళ్ల జట్టులోని మిగతా ఇద్దరూ దొర్లారు. ఎర్ర టోపీలు మట్టికొట్టుకుపోయాయి.

ముకాయి టీచర్ పరుగున వచ్చారు. "ఏమైందమ్మా నీకు?"

"ఆలోచిస్తున్నాను టీచర్" అంది చినాత్సు, మోకాలు ఊదుకుంటూ.

"ఎవరు ఆలోచించమన్నారు?"

అందరూ కోతోనె వైపు చూశారు. కోతోనె తన బూట్ల వైపు చూసుకుంది.

"కోతోనె, ఇందాక భోజనంలో రెండు పుల్లలతో పట్టుకుని మెత్తటి టోఫు ముక్క తిన్నావే, ఏ వేలు ఎంత వంచావు?" అన్నారు టీచర్.

కోతోనె తన వేళ్లు వంచి చూసుకుంది.

"చిన్నప్పుడు ఎన్ని ముక్కలు ఒళ్లో పోసుకున్నావో మీ అమ్మనడుగు. ఎక్కాలనుకోవడం వరకే పెద్ద మెదడు పని. తూలకుండా ఉండటం చిన్నదానికి వదిలెయ్. దానికి ఉపన్యాసాలు ఎక్కవు తల్లీ. పడిలేస్తుంటేనే నేర్చుకుంటుంది."

చినాత్సు మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. "ఇప్పుడు ఆలోచించకుండా ఎలా ఉండేదే?" అంది, కళ్లనీళ్లతో.

చినాత్సు ఎందుకు పడుతోందో కోతోనె మూడు కారణాలు చెప్పగలదు. నోటిదాకా వచ్చాయి కూడా. మింగేసింది.

"నావల్లే పడ్డావు. క్షమించవే" అని సైకిలెక్కి చేయి చాచింది. ఆ వెంటనే దభీమని పడింది. లేచింది. ఈసారి చినాత్సు మెడ పట్టుకుని వేలాడింది.

"చంపేస్తావే బాబూ!" చినాత్సుకి నవ్వాగలేదు. ఆ నవ్వులో కాళ్ల సంగతే మరిచిపోయింది. చక్రం హాయిగా కదిలింది.

స్కూల్ వదిలాక కూడా పడుతూ లేస్తూనే ఉంది కోతోనె. నోట్లో మట్టి తప్ప మాట లేదు. పొద్దు వాలేవేళకి గాలిమర ఒక చుట్టు పూర్తిగా తిరిగింది.

"భలే! ఎలా తిరిగావు కోతోనె? చెప్పు" అన్నారు టీచర్.

"ఏమో టీచర్!" అంది కోతోనె సంబరంగా. "చినాత్సూ, చేయివ్వవే, ఇంకో చుట్టు!"