పాటల బ్యాటరీ

రెబ్కాతో నేను అన్న మొట్టమొదటి మాటే అబద్ధం. కావాలని ఆడింది కాదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను. మా వృత్తిలో వాళ్ళం తరచుగా చేసే పాపం అదే.

అది ఎనభై నాలుగు డిసెంబరు. కనిగిరి బస్టాండు వెనక నాకు చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. ఒక పొద్దున ఎర్రచెలమ మిషన్ ఆస్పత్రి నుంచి కబురొచ్చింది, జీపు స్టార్ట్ కావడం లేదు, వెంటనే రమ్మని. సైకిలు మీద వెళ్ళేసరికి ఏడు దాటింది. మిరపతోటల మీద మంచు ఇంకా విడవలేదు. ఆస్పత్రి వాకిట్లో జీపు చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. చలికేమో అనుకున్నాను.

డ్రైవర్ సుభానీ సెల్ఫ్ కొట్టాడు. టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. లోపలికి తొంగిచూస్తే లైటు స్విచ్చి వేసి ఉంది. నాకింకేం కావాలి? బ్యాటరీ నీళ్ళు కొలిచే హైడ్రోమీటర్ సంచిలోనే ఉండిపోయింది. నిన్న రాత్రి ఈ బండిలో ఎవరొచ్చారని అడిగాను.

"నేనేనండి," అంది ఒక నర్సు. తెల్లచీర మీద బూడిదరంగు స్వెట్టరు వేసుకుంది. కళ్ళకింద నిద్రలేని నలుపు ఉన్నా చూపు మాత్రం సూటిగా ఉంది. అటువంటి చూపు ముందు తెలివిగా కనిపించాలని ఏ కుర్రాడికుండదు? నాకూ ఉంది.

"లైటు ఆర్పడం మర్చిపోయారు సిస్టర్. రాత్రంతా వెలిగి బ్యాటరీ డౌన్ అయిపోయింది."

"ఆర్పానండి. నాకు బాగా గుర్తు."

"ఆర్పిన లైటుకి స్విచ్చి వేసి ఉండదు కదండీ. మనిషి మర్చిపోతాడు గానీ బ్యాటరీ మర్చిపోదు," అని నవ్వాను.

నాతోపాటు ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ముఖంలో రక్తం లేదు. లోపలికి వెళ్ళిపోయింది.

బ్యాటరీ నా సైకిలుకి కట్టేటప్పుడు సుభానీ చెప్పాడు. తెల్లవారుజామున నాలుగింటికి పక్క పల్లె నుంచి పున్నమ్మ అనే ఆవిడకి నొప్పులని మనిషి వచ్చాడట. జీపు కదల్లేదు. వాకిలంతా ఇసక, తోస్తే చక్రాలు కూరుకుపోయాయి. చివరికి ఎద్దుబండిలో తీసుకొచ్చారు. తల్లి బతికింది. మగబిడ్డ, దక్కలేదు.

నేను తిరిగి లోపలికి వెళ్ళి ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. సైకిలెక్కి వచ్చేశాను.

చార్జింగ్ చేసిన బ్యాటరీ మర్నాడు తెచ్చి బిగించాను. రెండు రోజులకి మళ్ళీ కబురు, బండి లేవడం లేదని. ఆ రెండు రోజులూ ఆ నర్సు రెబ్కా జీపు ఎక్కనే లేదని వచ్చినవాడే చెప్పాడు. అంతేకాదు, ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి డాక్టరమ్మ చేతిలో పెట్టిందట. క్రిస్మస్ దాకా ఆగమ్మా, ఆ తర్వాత కూడా నీ మనసు మారకపోతే సంతకం పెడతానని డాక్టరమ్మ అన్నారట. క్రిస్మస్ ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ రోజు నుంచి పిలవకపోయినా రోజూ ఐదున్నరకల్లా ఎర్రచెలమలో ఉండేవాణ్ణి. నా షాపులో ఉన్న ఇంకో బ్యాటరీ సైకిలుకి కట్టుకుని వెళ్ళి, దాంతో జీపు స్టార్ట్ చేసి, అప్పుడు అసలు బ్యాటరీ పరీక్షించేవాణ్ణి. రెబ్కా వరండాలో నిలబడి చూసేది. ఇంజను అందుకున్నాక ఒక స్టీలు గ్లాసుతో టీ తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టేది. చేతికి ఇచ్చేది కాదు.

మొదటిరోజు ఆమెతో అన్నాను, మీ లైటు కాదేమో సిస్టర్ అని.

"ఏమో అనకండి," అంది. "ఆ రోజు అంత గట్టిగా చెప్పారు. ఇవాళ కూడా తెలిస్తేనే చెప్పండి."

మాట సూటిగా తగిలింది. ఆమె అన్నది న్యాయం. అప్పటినుంచి కొలవకుండా నోరు విప్పలేదు. ఆరు సెల్లుల్లోనూ హైడ్రోమీటర్ పెట్టి చూశాను. బ్యాటరీ పాడైతే ఏదో ఒక సెల్లు చచ్చి ఉండాలి. ఇక్కడ ఆరూ ఒక్క మట్టానికే పడిపోయి ఉన్నాయి. అంటే బ్యాటరీ మంచిదే, దాని కరెంటు ఎవరో వాడేస్తున్నారు. డైనమో చార్జింగ్ ఇస్తోంది. టెర్మినల్ వైరు ఊడదీసి తాకించి చూస్తే చిన్న మెరుపు కూడా లేదు. అంటే ఆపి ఉంచిన బండి కరెంటు తాగడం లేదు. మరి ఎవరు తాగుతున్నారు?

ఆ స్విచ్చి సంగతి సుభానీని మళ్ళీ అడిగాను. ఆ తెల్లవారుజామున చీకట్లో కనపడక తనే వేశాడట. వెలగలేదట. వెలగని లైటును ఆర్పాలని ఎవరికి గుర్తుంటుంది, అన్నాడు.

నాలుగో రోజు టీ పెట్టి వెళ్ళబోతూ ఆగి, "చల్లారితే దాని నెపం కూడా నామీద పెట్టకండి," అంది రెబ్కా. పెదవుల చివర చిన్న నవ్వు కదిలి, తనకే తప్పనిపించినట్టు ఆగిపోయింది. ఆ ఆగిపోయిన నవ్వు నన్ను పట్టుకుంది. సైకిలు తొక్కుతూ కనిగిరి దాకా దాని గురించే ఆలోచించాను. ఈ అమ్మాయి ఈ పని మానకూడదు, ఈ అమ్మాయి లేకుండా నాకు తెల్లవారకూడదు, ఈ రెండూ నాకు ఆ రోజే ఖాయమయ్యాయి.

ఐదో రోజు బ్యాటరీ నెత్తిన కొవ్వొత్తి మైనం చుక్కలు కనిపించాయి. పక్కన క్రిస్మస్ నక్షత్రానికి అంటించే జిగురుకాగితం ముక్క. సుభానీకి చూపించాను. అతను ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఉపదేశిగారు పట్టుకెళ్తారుగా, రాత్రిళ్ళు ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటల రౌండుకి. మైకు పెట్టాలిగా. తెల్లారేలోపు మళ్ళీ బిగించేస్తారు. ప్రతి డిసెంబరూ ఉన్నదే," అన్నాడు.

ప్రతి డిసెంబరూ ఉన్నదే కాబట్టి ఎవరికీ అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు. వాకిట్లో నిలబడ్డ ఆ పదిమందికీ తెలుసు. మిగతా ఏళ్ళు బ్యాటరీ కొత్తది, చలీ ఇంత లేదు, గడిచిపోయింది. ఉపదేశి అంటే చర్చిలో వాక్యం చెప్పే జక్రయ్యగారు. రెబ్కా తండ్రి.

చెబితే కూతురు నింద నుంచి బయటపడుతుంది, తండ్రి కూలిపోతాడు. చెప్పకపోతే ఆమె కాగితం మీద సంతకం పడుతుంది. ముందు రెబ్కాకే చెప్పేద్దామా అనుకున్నాను. కానీ ఒకసారి పదిమందిలో నోరు పారేసుకున్నవాణ్ణి. ఈసారి ఎవరి తప్పు వాళ్ళకే ముందు చెప్పాలనిపించింది. చర్చి పక్కన ఆయన ఇంటికి వెళ్ళాను.

జక్రయ్యగారు అరుగు మీద కూర్చుని వెదురుపుల్లలతో నక్షత్రం కడుతున్నారు. చెప్పింది శ్రద్ధగా విన్నారు. ఆయనకి అర్థం కాలేదు.

"ఎక్కడి బ్యాటరీ అక్కడే పెట్టేస్తున్నా కదా బాబూ."

"బ్యాటరీ అక్కడే ఉంటుందండి. అందులో ఉండాల్సింది ఉండదు. చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది. సెల్ఫ్ తిప్పడానికి మామూలుకన్నా ఎక్కువ బలం కావాలి. అదే చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. ఆ మిగిలింది కూడా మైకు తినేస్తే బండి లేవదు."

ఆయన చేతిలో వెదురుపుల్ల అలాగే ఉంది.

"పున్నమ్మకి నొప్పులొచ్చిన రోజు కూడా?"

"ఆ రోజు కూడానండి."

"ఆ రాత్రి మేం పాడింది ఎక్కడో తెలుసా బాబూ? ఆ అమ్మి వాకిట్లోనే. కడుపుతో ఉన్న పిల్లని, సుఖంగా ప్రసవం కావాలని మైకులో ప్రార్థన చేశాను. ఊరంతా ఆమెన్ అంది."

ఆయనే లేచి రెబ్కాని పిలిచారు. ఇంట్లోంచి వచ్చిన కూతురికి, నేను చెప్పిందంతా తనే చెప్పారు. ఒక్క మాట తగ్గించుకోలేదు.

రెబ్కా తండ్రి చేతిలోని వెదురుపుల్ల తీసి పక్కన పెట్టింది. నావైపు తిరిగింది.

"నాన్న బ్యాటరీ పట్టుకెళ్తాడని నాకూ తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. ఎందుకంటే మీరు లైటు అన్నారు. వారం రోజులుగా కళ్ళు మూస్తే ఆ స్విచ్చే కనిపిస్తోంది నాకు. కొలవకుండా ఎందుకన్నారు ఆ మాట?"

"మీ ముందు తెలివైనవాడిలా కనబడాలని," అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు. "క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు. ఆ కాగితం వెనక్కి తీసుకోండి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. జక్రయ్యగారు కండువా భుజాన వేసుకుని, పున్నమ్మ దగ్గరికి వెళ్దాం పదండి అన్నారు. వద్దనడం ఎవరివల్లా కాలేదు.

పత్తిచేల మధ్య గట్టు మీద నడిచి వెళ్ళాం. పున్నమ్మ నులకమంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. జక్రయ్యగారు నేలమీద కూర్చుని జరిగింది చెప్పారు. పున్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ విన్నది. తర్వాత నన్ను అడిగింది.

"మళ్ళీ నాకు నొప్పులొస్తే బండి కదులుద్దా?"

"కదులుతుందమ్మా," అన్నాను.

"ఎవరు పూచీ?"

"నేను," అన్నాను. అదే క్షణంలో రెబ్కా కూడా నేననే అంది.

తిరిగొచ్చేటప్పుడు జక్రయ్యగారు ముందు నడుస్తున్నారు. కాగితం ఈ పూటే వెనక్కి తీసుకుంటానని రెబ్కా చెప్పింది. బండి మీరు చూసుకుంటే బండిలో నేనుంటానంది. అప్పుడు అన్నాను.

"బండి కోసమే కాదండి, రోజూ నేను రావడం. మీ కోసం కూడా. మీరంటే నాకిష్టం. ఇది కొలిచే చెబుతున్నాను."

గట్టు పక్కన నీటిచెలమ దాటాక, "నాన్నని అడగండి," అంది మెల్లగా.

అడిగాను. ఆయన ఆగారు గానీ వెనక్కి తిరగలేదు.

"ఇవాళ నన్నేమీ అడక్కు బాబూ. ఎవరికీ ఏదీ ఇచ్చే యోగ్యత నాకు లేదు ఈ పూట."

"నువ్వు ఇవ్వక్కర్లేదు నాన్నా," అంది రెబ్కా. "నేనే ఇచ్చుకుంటున్నాను. నువ్వు ప్రార్థన చెయ్యి, చాలు."

ఆయన కండువా తీసి చేతిలో పట్టుకుని, మిరపచేను పక్కన తలవంచుకుని నిలబడ్డారు. నాలుగు పల్లెలకు వినిపించే గొంతు ఆయనది. ఆ ఉదయం అది ఎంత సన్నగా వచ్చిందంటే, ఒక్క మాటైనా వినబడాలంటే మేమిద్దరం దగ్గరికి జరగాల్సి వచ్చింది. జరిగాం.