ఆపేశానన్న కంప్యూటర్

ఆదివారం సాయంత్రం కార్లా కొత్త ఇంటి తలుపును ఆమె మాజీ భర్త తట్టాడు. ఆమె బిడ్డనెత్తుకుని పెరటి దారిన బయటపడింది. ఆ చిరునామా ఉన్నది ఒక్కచోటే: మిల్వాకీలోని మహిళా శరణాలయం కంప్యూటర్‌లో.

మంగళవారం శరణాలయం నడిపే మొరీన్, ప్రైవేట్ డిటెక్టివ్ లోర్నా పెట్రాక్ ఎదుట కోటు విప్పకుండానే కూర్చుంది.

"లినక్స్‌తో నడిచే కంప్యూటర్. డిస్కు మొత్తానికి తాళం. ఆన్ చేసినప్పుడల్లా పాస్‌వర్డ్ కొట్టాలి. అది నాకొక్కదానికే తెలుసు. అందుకే బోర్డువాళ్లు నన్నే అంటున్నారు. శరణాలయం మూసేస్తారట."

"చిరునామా అతనికి మీరే చెప్పారా?" అంది లోర్నా.

"లేదు." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

లోర్నా అసిస్టెంట్ డెస్మండ్ కారు తీశాడు.

శరణాలయంలో కంప్యూటర్ చూసుకునే గ్లెన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "శుక్రవారం అందరూ వెళ్లాక నేనే ఆపేసి ఆఫీసుకు తాళం వేశా. ఆపేసిన డిస్కును దేవుడు కూడా చదవలేడు. మొరీన్‌నే అడగండి."

లెక్కలు చూసే ఇవెట్‌ను లోర్నా పక్క గదిలో అడిగింది. "సోమవారం ముందు వచ్చింది మీరేనా?"

"ఎప్పుడూ నేనే. మొరీన్‌కి నిద్రెక్కువ లెండి. శుక్రవారం వదిలేసిన పేజీ కంప్యూటర్‌లో అలాగే తెరిచి ఉంది, అక్కణ్ణుంచే అందుకున్నా. ఆవిడ వచ్చేసరికి సగం బిల్లులు ఎక్కించేశా."

లోర్నా అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. కార్లా బిడ్డతో ఓ చివర కూర్చుంది.

"మెషీన్ ఆగి మళ్లీ లేస్తే ఇవెట్ పేజీ అలా తెరిచి ఉండదు," అంది లోర్నా. " పాస్‌వర్డ్ లేకుండా ఆవిడ పని మొదలుపెట్టగలిగేదీ కాదు. అంటే శుక్రవారం నుంచి అది ఆగనే లేదు. డిస్కు తాళం వీధి తలుపు లాంటిది. ఒకసారి తీస్తే, మళ్లీ ఆపేదాకా లోపలి గదులన్నీ తెరిచే ఉంటాయి. చిరునామాల ఫైలుకు విడిగా తాళం వేసి ఉంటే, గ్లెన్, శుక్రవారం అందరూ వెళ్లాక నీకు అది తెరుచుకునేది కాదు. ఆపేశానని చెబితే నేరం మొరీన్ మీదికి పోతుందని నీకు తెలుసు."

డెస్మండ్ రాసుకోవడం ఆపి ఆమెకేసి చూశాడు.

"కార్లా మాజీ భర్త నా చిన్ననాటి స్నేహితుడు," అన్నాడు గ్లెన్. "బిడ్డను ఒక్కసారి చూస్తానన్నాడు. అంతే."

డెస్మండ్ పోలీసులకు ఫోన్ చేశాడు.

"ఆ ఫైలుకు విడిగా తాళం ఇవాళే వేస్తాను," అంది మొరీన్. "కార్లా, ఇప్పుడెక్కడ ఉంటున్నావో చెప్పమ్మా."

కార్లా బిడ్డ కోటుకు జిప్పు పైదాకా లాగింది.

"చెప్పను."

మొరీన్ లేచి వాళ్ల కోసం తలుపు తెరిచి పట్టుకుంది.